మాగుంట లేఅవుట్ విదేశీ విద్య సలహా కేంద్రం: పెల్ గ్రాంటు లెక్క బాగా చెప్పారు, మిగతాది చెప్పలేదు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో విదేశీ చదువుల సలహా కేంద్రాలకు కొదవ లేదు. అయితే వాటిలో చాలావరకు సీటు, వీసా వరకే పని పెట్టుకుంటాయి; చేరిన తరువాత సెమిస్టర్ మధ్యలో చదువు ఆపవలసి వస్తే అప్పటికే అందిన ప్రభుత్వ సాయం ఏమవుతుందో విడమరచి చెప్పగలిగినవారు అరుదు. నేను ఇక్కడ సమీక్షిస్తున్న కేంద్రం ఆ సలహా కూడా ఇస్తామని బోర్డు మీదనే రాసుకుంది. ఒకసారి కూర్చుని మాట్లాడినందుకు 2,000 రూపాయలు తీసుకుంటారు. లోపాలు కూడా రాయవలసి ఉన్నందున పేరు చెప్పడం లేదు. ఆ వీధిలో తిరిగేవారు ఎలాగూ గుర్తుపడతారు.

మా అక్క కుటుంబం గ్రీన్ కార్డుతో న్యూజెర్సీలో ఉంటోంది. మేనకోడలు అక్కడి కమ్యూనిటీ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతూ, అమ్మమ్మకు జబ్బు చేసిందని సెమిస్టర్ మధ్యలో నెల్లూరు వచ్చింది. తిరిగి ఎప్పుడు వెళ్లగలదో తెలియని స్థితిలో, క్లాసులన్నీ మానుకుంటే పెల్ గ్రాంటు (తక్కువ ఆదాయ కుటుంబాల విద్యార్థులకు అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం) వెనక్కి కట్టవలసి వస్తుందా అన్నది మేము తీసుకువెళ్లిన ప్రశ్న.

మొదట ఎదురైనది నిరాశే. ముందు గదిలో కూర్చున్న యువకుడు మేనకోడలిని ఎఫ్-1 వీసా (విదేశీ విద్యార్థులకిచ్చే వీసా) మీద వెళ్లిన విద్యార్థిని అనుకుని, అలాంటివారి వివరాలు అమెరికా ప్రభుత్వం నమోదు చేసుకునే సెవిస్ రికార్డు గురించి, అనుమతి లేకుండా క్రెడిట్లు తగ్గించుకుంటే వచ్చే చిక్కుల గురించి సుదీర్ఘంగా హెచ్చరించాడు. ఎఫ్-1 వారికి అవి నిజంగా అవసరమైన మాటలే. కానీ పెల్ గ్రాంటు అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డుదారుల వంటి అర్హులైన కొద్దిమంది ఇతరులకు మాత్రమే వస్తుంది తప్ప ఎఫ్-1 వారికి రాదు. గ్రాంటు గురించి అడుగుతున్నామంటేనే మాది వేరే వ్యవహారమని అర్థం కావలసింది. అసలు సలహాదారు లోపలినుంచి వచ్చి ఆ ప్రసంగాన్ని ఆపేవరకు మా సమయం, మా రుసుము రెండూ కరుగుతూనే ఉన్నాయి.

ఆమె చెప్పిన తీరు మాత్రం మెచ్చుకోదగినది. మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ ఆదాయమూ 75 శాతం హాజరూ చూస్తారు కాబట్టి అక్కడా అలాంటిదే ఉంటుందని నేను ఊహించుకున్నాను. అమెరికా ఫెడరల్ సాయం రోజుల లెక్కన విద్యార్థికి దక్కుతుందని ఆమె మొదటి వాక్యంలోనే చెప్పింది. సెమిస్టర్‌లో ఎన్ని రోజులు గడిచాయో అంత శాతం సాయం సంపాదించుకున్నట్టు. 60 శాతం దాటిన తరువాత మానుకుంటే మొత్తం దక్కినట్టే. రోజులంటే క్లాసు జరిగిన రోజులు కావు, సెలవులతో కలిపి క్యాలెండర్ రోజులు. వరుసగా ఐదు రోజులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఇచ్చే విరామాన్ని మాత్రం తీసివేస్తారు.

తరువాత కాగితం మీద ఒక ఉదాహరణ వేసి చూపించింది. సెమిస్టర్ 110 రోజులు, మానుకున్నది 44వ రోజు, అంటే 40 శాతం. ఆ సెమిస్టర్‌కు వచ్చిన పెల్ గ్రాంటు 3,600 డాలర్లు (2025-26లో సంవత్సరానికి గరిష్ఠం 7,395), కాలేజీ ఫీజు 3,000. దక్కినది 1,440, దక్కనిది 2,160. ఈ 2,160లో కాలేజీ తిరిగి ఇవ్వవలసిన వాటా, ఫీజులో ఆ దక్కని 60 శాతం, అంటే 1,800. మిగిలిన 360 విద్యార్థి వాటా. కానీ గ్రాంటు విషయంలో విద్యార్థికి ఒక రక్షణ ఉంది: అందిన గ్రాంటులో సగానికి మించిన మొత్తాన్ని మాత్రమే విద్యార్థి నుంచి అడుగుతారు. ఇక్కడ సగం 1,800 కాబట్టి ఆ 360 కట్టనక్కరలేదు.

ఇంతవరకు విని మేనకోడలు ఊపిరి పీల్చుకుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుందని సలహాదారు చెప్పిన మాటకే ఆ 2,000 రూపాయలు ఇవ్వవచ్చు. కాలేజీ తన వాటా 1,800 డాలర్లను 45 రోజుల్లోగా ప్రభుత్వానికి తిరిగి పంపుతుంది. పంపిన తరువాత ఆ మేరకు ఫీజు బాకీ ఉన్నట్టు విద్యార్థికి బిల్లు వేస్తుంది. కాలేజీ ఫీజు వాపసు నిబంధనలకూ ప్రభుత్వ సాయం నిబంధనలకూ సంబంధం లేదు. ఫీజు వాపసు గడువు సాధారణంగా మొదటి కొన్ని వారాల్లోనే ముగిసిపోతుంది, సాయం గడియారం మాత్రం 60 శాతం దాకా నడుస్తూనే ఉంటుంది. ఈ రెంటి నడుమ మానుకున్నవారికి ప్రభుత్వానికి బాకీ లేకపోయినా కాలేజీ బాకీ మెడకు చుట్టుకుంటుంది. అది తీర్చకపోతే మళ్లీ రిజిస్ట్రేషన్ చేసుకోనివ్వని కాలేజీలు చాలా ఉన్నాయి.

ఎవరికీ చెప్పకుండా ఊరికే ఉండిపోవడం గురించి కూడా ఆమె స్పష్టంగా హెచ్చరించింది. హాజరు తీసుకోవలసిన నిబంధన లేని కాలేజీల్లో, విద్యార్థి మాట మాత్రం చెప్పకుండా మాయమైతే సెమిస్టర్ సగం రోజునే మానుకున్నట్టు లెక్క వేయవచ్చు. చెబితే, చెప్పిన తేదీయే లెక్కకు వస్తుంది. 60 శాతానికి దగ్గరలో ఉన్నవారికి ఈ తేడా వందల డాలర్లు.

ఆమె ఇచ్చిన మరో ఉపాయం మాకు నేరుగా పనికివచ్చింది. ఈ రోజుల లెక్క అన్ని క్లాసులూ మానుకున్నవారికే వర్తిస్తుంది. అన్ని క్లాసులకూ మొదట హాజరై, తరువాత కొన్నింటినే వదిలి కనీసం ఒకటి పూర్తిచేస్తే ఆ లెక్క రాదు. కాలేజీ నిర్ణయించుకున్న లెక్కల తేదీకి ముందే వదిలితే గ్రాంటు తగ్గించి మళ్లీ లెక్కగడతారు గానీ, మేనకోడలి కాలేజీలో ఆ తేదీ అప్పటికే దాటిపోయింది. ఆమెకున్న నాలుగు క్లాసుల్లో ఒకటి ఆన్‌లైన్‌ది.

ఇక లోపం. ఈ ఉపాయం చెప్పిన కేంద్రం, దాని వెనక ఉన్న చదువు పురోగతి నిబంధన (సాయం కొనసాగాలంటే పాటించవలసినది) గురించి ఒక్క మాటైనా చెప్పలేదు. మధ్యలో వదిలిన క్లాసుకు పడే డబ్ల్యూ గ్రేడు, ప్రయత్నించిన క్రెడిట్లలో కలుస్తుంది, పూర్తయిన వాటిలో కలవదు. పూర్తయినవి 67 శాతానికి తగ్గకూడదన్నది ఎక్కువ కాలేజీలు పెట్టుకున్న గీత. మొదటి సెమిస్టర్‌లో 15 క్రెడిట్లు పూర్తిచేసి, ఇప్పుడు 12లో మూడే పూర్తిచేస్తే, మొత్తం 27లో 18, అంటే 66.67 శాతం. వెంట్రుకవాసిలో తప్పినట్టే. ఇలాంటి స్థితిలో హెచ్చరికతో ఒక సెమిస్టర్ సాయం కొనసాగించే కాలేజీలు ఉన్నాయి, కుటుంబంలో అనారోగ్యం వంటి కారణాలతో అప్పీలు చేసుకునే వీలూ ఉంది. కానీ ఆసుపత్రి కాగితాలు ఇప్పటినుంచే దాచుకోవాలని మాకు చెప్పినది ఆ కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు, అదీ ఉచితంగా, ఈమెయిల్‌లో. పెల్ గ్రాంటు జీవితకాలానికి పన్నెండు సెమిస్టర్ల మేరకే అనీ, వదిలేసిన సెమిస్టర్‌లో వాడిన మేర అందులోంచి తరుగుతుందనీ వారే చెప్పారు.

అమెరికాలోని రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే గ్రాంటులకు వేరే నిబంధనలు ఉంటాయి. వాటి గురించి ఈ కేంద్రాన్ని అడగడం దండగ.

మేనకోడలు ఆన్‌లైన్ క్లాసు ఉంచుకుని మిగిలిన మూడూ వదిలింది. ఫారం తాము నింపిపెడతామని కేంద్రంవారు మరో 1,500 అడిగారు గానీ, అది ఒక్క పేజీ ఫారం, మేమే నింపుకున్నాము. వెళ్లదలచినవారు గ్రాంటు మంజూరు పత్రం, ఫీజు బిల్లు, సెమిస్టర్ మొదటి, చివరి తేదీలు, విరామం తేదీలు కాగితం మీద పట్టుకెళ్లడం మంచిది. అవి లేకపోతే సలహాదారు లెక్క మొదలుపెట్టదు. గ్రీన్ కార్డు సంగతి ముందు గదిలో కూర్చోకముందే చెప్పేయాలి. రసీదు అడిగితేనే ఇస్తారు.