కెమెరాలా, రెండో మనిషా? పిల్లల మైదానానికి ముందుగా ఏది కావాలి

విశాఖ ఎంవీపీ కాలనీలో మేము సాయంత్రాలు వాలీబాల్ నేర్పుతుంటాం. పిల్లల భద్రత కోసమని ఈ ఏడాది తల్లిదండ్రులు చందాలు వేసుకుని 40,000 రూపాయలు పోగుచేశారు. సగం మంది సీసీ కెమెరాలు కావాలన్నారు. నెలకు 5,000 చొప్పున ఇచ్చి, కోచ్ కాక రెండో మనిషిగా రోజూ సాయంత్రం మైదానంలో ఉండే ఒక సహాయకురాలిని పెట్టుకుందామని నేను అన్నాను.

కెమెరా వృథా అని నేను అనను. గేటు దగ్గర ఒకటి ఉంటే పిల్లను ఎవరు, ఎన్నింటికి తీసుకెళ్లారో తేలిపోతుంది. దానికి మొహమాటం లేదు, సెలవులు లేవు. అయితే బట్టలు మార్చుకునే గదిలో దాన్ని పెట్టకూడదు, పెడితే అదే నేరం. కోచ్ ఫోనులోకి, అతని బండి వెనక సీటు మీదికి, పోటీలకు వెళ్లినప్పుడు బస చేసే గదిలోకి అది రాదు. ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. చిన్న శిక్షణ కేంద్రాల్లో కెమెరా పాస్‌వర్డ్ తరచుగా ఆ కోచ్ చేతిలోనే ఉంటుంది. ఎవరిని కనిపెట్టాలో వాళ్ల చేతికే తాళం ఇచ్చినట్టు.

రెండో మనిషి విలువ నాకు నా పొరపాటు వల్లే తెలిసింది. ఒక వానాకాలం సాయంత్రం ఒక అమ్మాయి ఇంటివాళ్లు ఆలస్యం చేస్తే, చీకటి పడుతోందని నా స్కూటర్ మీద అప్పుఘర్ దాకా దింపి వచ్చాను. మంచి పని చేశాననే అనుకున్నాను. మర్నాడు వాళ్లమ్మ వచ్చి, "మీరు మంచివారని మాకు తెలుసు మాస్టారూ. కానీ రేపు ఇంకెవరైనా ఇలాగే దింపుతానంటే మా పాప ఎక్కేస్తుంది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు. కోచ్ మంచివాడైనా హద్దు దాటితే, ఆ హద్దు లేదనే పిల్లకు నేర్పినవాడవుతాడు. అప్పటి నుంచి మూసిన గదిలోగానీ బండి మీదగానీ ఏ పిల్లతోనూ నేను ఒంటరిగా ఉండను. పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టను, తల్లిదండ్రులు ఉన్న గ్రూపులోనే రాస్తాను.

మనిషి ఉంటే చాలని కూడా అనుకోకూడదు. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ కొన్నిసార్లు తల్లిదండ్రులు గదిలో ఉండగానే, వాళ్లకు కనబడకుండా అడ్డుగా నిలబడి, చికిత్స పేరుతో బాలికలను వేధించాడు. 2018లో 150 మందికి పైగా కోర్టులో అతని ముందే నిలబడి ఆ సంగతులు చెప్పారు. కాబట్టి ఏం గమనించాలో సహాయకురాలికి ముందే నేర్పాలి. భంగిమ సరిచేయడానికి కోచ్ ముట్టుకునే ముందు పిల్లను అడుగుతున్నాడా? ఒక్కరికే కానుకలు ఇస్తున్నాడా? "ఇంట్లో చెప్పకు" అన్న మాట ఎక్కడైనా వినబడిందా? ఆమె కోచ్ బంధువై ఉండకూడదు. జీతం తల్లిదండ్రుల చేతి మీదుగానే అందాలి.

మా దగ్గరికి 24 ఏళ్ల యువకుడొకడు వస్తాడు. మేధోవైకల్యం ఉంది, సర్వీసు మాత్రం బాగా చేస్తాడు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 18 ఏళ్ల లోపువారికే. ఇతనికి అండ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. తోటి ఆటగాళ్లు ఇద్దరు రోజూ టీ డబ్బులు ఇతని చేతే పెట్టిస్తున్నారు. అందులో కొట్టడం లేదు, అరవడం లేదు. కెమెరాలో చూస్తే స్నేహితులు కలిసి టీ తాగుతున్నట్టే ఉంటుంది. ఒక ఆటగాడి తల్లి వారం రోజులు అక్కడ కూర్చున్నారు కాబట్టే అది బయటపడింది.

రెండు విషయాల్లో మాత్రం ఏది మేలన్న ప్రశ్నే లేదు. పిల్లలతో పనిచేసే సిబ్బంది అందరికీ ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నియమాలు చెబుతున్నాయి. క్రీడా అకాడమీలను అందులో పేరు పెట్టి మరీ చేర్చారు. ఇక అనుమానం వస్తే "ముందు మనమే అతన్ని పిలిచి అడుగుదాం" అనడం తప్పు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల సహాయానికి 1098 ఫోన్ నంబరు ఉంది. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ బాధ్యుడు దాచిపెడితే ఏడాది దాకా జైలు.

చివరికి ఆ డబ్బుతో ఎనిమిది నెలల పాటు ఉండేలా సహాయకురాలినే పెట్టుకున్నాం. గేటు కెమెరా సంగతి వచ్చే ఏడాది చూస్తాం. ఇద్దరు తండ్రులు ఇంకా ఒప్పుకోలేదు, వాళ్ల భయాన్ని నేను తక్కువ చేయను. వచ్చే నెల అమ్మాయిల జట్టు విజయవాడ వెళుతోంది. రత్నాచల్ రైల్లో సహాయకురాలికి కూడా టికెట్ తీశాం. ఆమె అమ్మాయిల గదుల పక్క గదిలో ఉంటారు, నాకు కింది అంతస్తులో గది.