పాత శక్తి 180డి: కొబ్బరి తోటకి పనికొస్తుందా?

కోనసీమ తోటల్లో, అంతరపంట వేసిన చోట, పెద్ద ట్రాక్టరు కంటే పాత మిత్సుబిషి శక్తి ఎంటీ 180డి చిన్న ట్రాక్టరు నయం. 18.5 హార్స్ పవర్, మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను, సన్నటి బండి.

కొనేముందు, ముందు చక్రాల ఇరుసు ఆయిల్ ప్లగ్గు కాస్త వదులు చేసి చూడండి. ఆయిల్ పాలలా తెల్లగా కారితే సీళ్లు పోయి దమ్ములో (నీళ్లు పెట్టి బురదగా దున్నేటప్పుడు) బురదనీళ్లు లోపలికి చేరినట్టే. బేరం అక్కడే తగ్గించాలి.

దమ్ముకి వేసే ఇనుప చక్రాలు ఊళ్లో వెల్డింగ్ షాపులోనే చేయించుకోవచ్చు. రింగులకీ అడ్డపట్టీలకీ 40 ఎంఎం ఇనుప యాంగిల్ చాలు. పట్టీని ఒకవైపే అతికిస్తే జిగట మట్టిలో అతుకు చీలిపోతుంది, రెండువైపులా నిండుగా వెల్డింగ్ పెట్టించండి. వెడల్పు పెంచుదామన్న ఆశ వద్దు, భారమంతా ఇరుసు బేరింగుల మీదే పడుతుంది.

వెనక మట్టి బ్లేడుకి 8 ఎంఎం ప్లేటు, 4 అడుగుల వెడల్పు. కింది అంచు బోల్టులతో బిగిస్తే అరిగినప్పుడు మార్చుకోవచ్చు. బ్లేడు కోణం నిలిపేచోట మాత్రం మెత్తటి 10 ఎంఎం బోల్టే వేయాలి. కొబ్బరి మొద్దు తగిలితే అది తెగుతుంది, బ్లేడుని ట్రాక్టరుకి పట్టే లింకులు బతుకుతాయి.

రోటవేటరు (తిరిగే కత్తులతో మట్టిని గుల్ల చేసేది) సొంతంగా చేయించడం దండగ, కంపెనీదే కొనండి. దాని షాఫ్టుకి చుట్టుకున్న కొబ్బరి పీచు సీలుని కోసేస్తుంది, ఇంజను ఆపి కత్తితో తీసెయ్యాలి.