హెల్మెట్ ఇంటర్‌కమ్: బండ్ల మీద తిరిగే మొగుడూ పెళ్లాలకి పనికొస్తుందా?

హెల్మెట్ ఇంటర్‌కమ్ అంటే హెల్మెట్‌లో బిగించుకునే మైకూ స్పీకర్లూ, బండి నడుపుతూనే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి. ముందే చెప్పేస్తాను. ఇద్దరూ చెరో బండి మీద వెళ్లే జంటకైతే హెల్మెట్ ఇంటర్‌కమ్ తప్పకుండా కొనదగ్గ వస్తువు. ఒకరు నడుపుతూ ఒకరు వెనక కూర్చునేవాళ్లకి ఖరీదైన రకం అక్కర్లేదు. దారంతా కబుర్లు చెప్పుకోవాలనే కొంటున్నారా, అయితే వద్దంటాను. కబుర్లు బండి ఆపాక చెప్పుకోవచ్చు.

నేనూ మా ఆయనా చెరో బండి నడుపుతాం. నాది చిన్న ఇంజిన్, ఆయనది పెద్దది. అందుకే నేను ముందు, ఆయన వెనక. చిన్న బండి వెనక పడితే పెద్ద బండిని అందుకోవాలని తన శక్తికి మించి ఉరుకుతుంది, ముందుంటే తన వేగంలో తను వెళ్తుంది. మేం వాడేది మెష్ రకం జత (అదేంటో కింద చెప్తాను). బ్రాండ్ పేరు రాయడం లేదు, ఎందుకంటే దాని మీద నాకున్న ఫిర్యాదులు చాలావరకు ఈ తరగతి వస్తువులన్నిటి మీదా ఉన్నవే.

ఇది కొనక ముందు మా మధ్య మాటంతా చేతులతోనూ హారన్లతోనూ నడిచేది. ట్యాంకు వైపు వేలు చూపిస్తే పెట్రోలు. హారన్ రెండుసార్లు కొడితే ఆపమని. కాలు చాచి చూపిస్తే అటు పక్క గుంత. 1935లో డాట్ రాబిన్సన్, ఎర్ల్ రాబిన్సన్ అనే భార్యాభర్తలు సైడ్‌కార్ బండి (పక్కన తొట్టి తగిలించిన మోటార్‌సైకిల్) మీద అమెరికాని ఈ చివర నుంచి ఆ చివరికి 89 గంటల 58 నిమిషాల్లో దాటేశారు. వాళ్ల చెవుల దగ్గర ఏ స్పీకరూ లేదు. కాబట్టి ఇది లేకపోతే బండి నడవదని ఎవరైనా అంటే నమ్మకండి.

అయితే చేతి సైగలకి ఒక లోపం ఉంది. ముందున్న మనిషి వెనక్కి చూసుకుంటూ ఉండాలి. మలుపు తిరిగాక మా ఆయన హెడ్‌లైటు అద్దంలో కనిపించేదాకా నా ప్రాణం అద్దంలోనే ఉండేది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు అద్దం చూస్తే బండి 33 మీటర్లు వెళ్లిపోతుంది, ఆ 33 మీటర్ల రోడ్డూ నేను చూడనట్టే. ఇంటర్‌కమ్ వచ్చాక ఆయన మలుపు దాటి "వచ్చేశా" అంటారు, అంతే. నా చూపు ముందుకే ఉంటుంది. పెట్టిన డబ్బు ఈ ఒక్క మాటకే గిట్టిందని నా లెక్క. పాటలు, ఫోన్లు, దారి చెప్పే గొంతు, ఇవన్నీ కొసరు.

ఇక కొత్తగా వచ్చిపడే తలనొప్పి గురించి. వెనకున్న మనిషికి ముందున్న బండి చప్పుడంతా వినిపిస్తుంది, ఆ పైన మైకు కూడా చేతికొస్తే ఊరుకుంటారా? "గేరు దించు." "ఇంకా దించలేదేంటి?" "బ్రేకు అంతసేపు పట్టుకోకు." మొదట్లో నేను మ్యూట్ బటన్ వెతుక్కున్నంతగా ఇంకే బటనూ వెతుక్కోలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ముందున్నవాళ్లు ముందు కనిపించేదే చెప్పాలి: ఇసుక, కుక్క, రోడ్డు మీద కారిన నూనె. వెనకున్నవాళ్లు వెనక నుంచి వచ్చేదే చెప్పాలి: లారీ, దూసుకొచ్చే కారు. ఎవరు ఎలా నడుపుతున్నారన్నది బండి దిగాక.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. దీని గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు గానీ నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ముందున్న వాహనాన్ని నేను దాటాక వెనకున్న ఆయనకి "రండి, ఖాళీగా ఉంది" అని ఎప్పుడూ చెప్పను. "ఆగండి, ఎదురుగా కారు" అని మాత్రమే చెప్తాను. నేను చూసిన ఖాళీ ఆయన వచ్చేసరికి ఉండకపోవచ్చు. చెవిలో భార్య గొంతు "రండి" అంటే మనిషి తన కళ్లతో చూడడం కాస్త తగ్గిస్తాడు, అది సహజం. "ఆగండి" అన్న మాట తప్పయినా పోయేదేం లేదు, నాలుగు క్షణాలు ఆలస్యం. "రండి" తప్పయితే అంతే సంగతులు.

మలుపులో మాట్లాడం. మాట మధ్యలో ఆగిపోతే రెండో మనిషి "హలో, హలో" అనకూడదు. ఇది అలవాటు కావడానికి టైం పడుతుంది, ఎందుకంటే ఇంట్లో మాట మధ్యలో వదిలేస్తే దాని అర్థం వేరు.

ఇప్పుడు వస్తువు సంగతి. మార్కెట్లో రెండు రకాలున్నాయి, బ్లూటూత్, మెష్. బ్లూటూత్ ఇంటర్‌కమ్‌లో గుంపు మొత్తం గొలుసుకట్టుగా కలుస్తుంది, మధ్యలో ఒకరు దూరమైతే గొలుసు తెగుతుంది. మెష్‌లో ప్రతి యూనిట్టూ అందుబాటులో ఉన్న మిగతావాటన్నిటితోనూ కలుస్తుంది, ఒకరు పోయినా మిగతావాళ్లు మాట్లాడుకోవచ్చు. 2015లో కార్డో కంపెనీ ప్యాక్‌టాక్ అనే సెట్‌తో దీన్ని బండ్లవాళ్లకి తెచ్చింది, తర్వాత సేనా కంపెనీ కూడా తెచ్చింది. ఇద్దరే వెళ్లేటప్పుడు గొలుసు ఎక్కడిది, మెష్ ఎందుకు అంటారా? దూరమై మళ్లీ దగ్గరికొచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. మెష్ తనంతట తనే కలుస్తుంది. చవక బ్లూటూత్ రకాల్లో చాలావాటికి మళ్లీ బటన్ నొక్కాలి. నొక్కాల్సిన చోటు ఎక్కడుందో గ్లవ్స్ వేసుకున్న వేలికి తెలియదు. ఆ తడుములాట రోడ్డు మీద పడాల్సింది కాదు.

మేం ముందు స్నేహితుల దగ్గర ఒక పాత బ్లూటూత్ జత అడిగి తెచ్చుకుని వాడి చూశాం. దాంట్లో మైకు ఎప్పుడూ తెరిచి ఉండదు, గొంతు వినగానే తెరుచుకుంటుంది. తెరుచుకునే లోపు మొదటి ముక్క మింగేస్తుంది. నేను "ఇసుక" అంటే ఆయనకి "సుక" అని వినపడేది. "కుక్క" అంటే ఏమీ వినపడేది కాదు. దానికి విరుగుడు మన అలవాటులోనే ఉంది: ముందు "ఏమండీ" అని, ఆ తర్వాత విషయం. "ఏమండీ"ని మిషన్ తింటుంది, "కుక్క" క్షేమంగా చేరుతుంది. ఇప్పుడున్న జతలో మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అయినా ఆ "ఏమండీ" పోలేదు.

దూరం గురించి డబ్బా మీద రాసింది చదివి మురిసిపోకండి. పై తరగతి రకాలకి ఒకటిన్నర కిలోమీటరు అని రాస్తారు. అది అడ్డేమీ లేని బయలులో, తిన్నని దారిలో. కొండ అడ్డం వస్తే, మధ్యలో రెండు లారీలు దూరితే, చెట్ల మధ్య రోడ్డు మెలికలు తిరిగితే కొన్ని వందల మీటర్లకే గొంతు గరగరమంటుంది. నాకది పెద్ద లోపంగా అనిపించలేదు. గరగర మొదలైందంటే ఇద్దరి మధ్య దూరం పెరుగుతోందని లెక్క, నేను వేగం తగ్గిస్తాను.

ఎంత మంచి సెట్ కొన్నా బిగించడం సరిగ్గా లేకపోతే డబ్బు దండగ. స్పీకరు చెవి రంధ్రానికి ఎదురుగా ఉండాలి. వేలెడు వెనక్కి జరిగితే చాలు, సగం శబ్దం పోతుంది. హెల్మెట్ పెట్టుకుని, చెవి ఎక్కడ పడుతోందో లోపలికి వేలు పోనిచ్చి తడిమి, అక్కడ అంటించాలి. స్పీకరు చెవికి గట్టిగా ఆనుకుంటే అరగంటకి చెవి మండిపోతుంది, అప్పుడు వెనకున్న పలచటి స్పాంజి తీసేయాలి. చాలా హెల్మెట్లలో స్పీకరు కోసం గుంట ఉంటుంది. లేకపోతే లోపలున్న థర్మోకోల్ లాంటి తెల్ల పొరని చెక్కి గుంట చేసుకోవాలని మాత్రం చూడకండి. తల కాపాడేది ఆ పొరే. మొహమంతా మూసే హెల్మెట్‌కి గడ్డం దగ్గర అంటించే తీగ మైకు, ముందుభాగం పైకి లేచే రకానికి కొమ్ము మైకు. మైకు మీద చిన్న గుర్తు ఉంటే ఆ వైపు పెదాలకేసి ఉండాలి. మా ఆయన మైకు తిరగబడి ఉన్నప్పుడు ఆయన మాటకన్నా గాలే ఎక్కువ మాట్లాడింది.

గాలి అంటే గుర్తొచ్చింది. ఇంటర్‌కమ్‌తో పాటు చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్స్ కూడా కొనండి. స్పీకర్ పెట్టి, చెవులు మూసుకోవడమేంటని నవ్వొద్దు. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరు సుమారు 100 డెసిబెల్స్ దాకా వెళ్తుంది. పనిచేసే చోట చప్పుడు గురించి అమెరికాలో నియోష్ అనే సంస్థ సూచించిన హద్దు 85 డెసిబెల్స్‌కి రోజుకి 8 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్‌కి 15 నిమిషాలే. ప్లగ్ లేకుండా ఆ హోరు మీద మాట వినాలంటే వాల్యూమ్ ఇంకా పెంచాలి, చెవికి రెండు దెబ్బలు. ప్లగ్ పెడితే హోరు తగ్గుతుంది, వాల్యూమ్ పెంచిన మాట మాత్రం దాంట్లోంచి స్పష్టంగా దిగుతుంది. ప్లగ్‌ని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి తోసి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలి. ఉత్తినే చెవి మొదట్లో దోపితే హెల్మెట్ పెట్టుకునేలోపు రాలిపోతుంది. ఒక్క సంగతి: బండి నడుపుతూ చెవిలో ఏదైనా పెట్టుకోవడం మీద ఒక్కో దేశంలో ఒక్కో నియమం ఉంది, మీ దగ్గర ఎలా ఉందో చూసుకోండి.

బ్యాటరీ రోజంతా వస్తుంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఈ సెట్‌తో వచ్చే ఫోన్ యాప్ మీద ఉంది. హెల్మెట్ పెట్టుకుని, గ్లవ్స్ తొడుక్కుని, బండి స్టార్ట్ చేశాక "కొత్త అప్‌డేట్ వచ్చింది" అంటుంది. ఒక యూనిట్‌కి అప్‌డేట్ చేసి రెండోదానికి చేయకపోతే రెండూ అలిగిన తోడికోడళ్లలా మొహాలు తిప్పుకుని కూర్చుంటాయి. అందుకని బయల్దేరే ముందు రోజు రాత్రి రెండిటికీ కలిపి ఛార్జింగూ, అప్‌డేటూ. గొంతుతో ఆజ్ఞలిచ్చే సదుపాయం మాకు పనికిరాలేదు. మా సెట్‌కి తెలుగు రాదు, ఆయన ఇంగ్లిష్ యాస దానికి ఎక్కదు. ఆపేశాం.

ఒకే పాట ఇద్దరూ వినే సదుపాయం మీద మొదట్లో సరదా పడ్డాం. కొన్ని రకాల్లో పాట పంచుకుంటున్నప్పుడు ఇంటర్‌కమ్ ఆగిపోతుంది, కొన్నిటిలో మాట రాగానే పాట తగ్గుతుంది. కొనేముందు ఇది అడిగి తెలుసుకోండి. ఆపైన పాట ఎవరిదన్న గొడవ కంపెనీ తీర్చేది కాదు.

ఒకే బండి మీద వెళ్లే జంటల గురించి రెండు మాటలు. వెనక కూర్చునేవాళ్లకి ఇంతకాలం ఉన్న భాష భుజం మీద తట్టడం, తొడ మీద గిల్లడం. ఆపమనో, నెమ్మదిగా వెళ్లమనో అర్థం కాక, ఇద్దరూ అరుచుకుని, వైజర్ (హెల్మెట్ ముందరి అద్దం) ఎత్తి మళ్లీ అరుచుకుని, ఈలోగా బ్రేకు వేస్తే హెల్మెట్లు రెండూ ఢీకొని, ఇదంతా అందరికీ తెలిసిందే. ఇంటర్‌కమ్‌తో ఇవి పోతాయి. ముఖ్యంగా కొత్తగా వెనక ఎక్కే మనిషికి మలుపంటే టెన్షన్. బండి వంగుతుంటే తను నిటారుగా లేవబోతారు. "ఇప్పుడు కుడికి వంగుతున్నా, నా కుడి భుజం మీంచి చూడు" అని ముందే చెవిలో చెప్తే చాలు, చూపు అటు పోతుంది, ఒళ్లు దానంతట అదే సర్దుకుంటుంది. దీనికి రేంజ్ అక్కర్లేదు, మెష్ అక్కర్లేదు, మామూలు బ్లూటూత్ జత చాలు. వెనకున్నవాళ్లు రోడ్డు చూస్తూనే ఉంటారు కాబట్టి ఎప్పుడు మాట ఆపాలో కూడా వాళ్లకి తెలుస్తుంది. ఫోన్లో అవతలున్న మనిషికి అది తెలియదు. అందుకే నడుస్తున్న బండి మీద ఫోన్ ఎత్తే సదుపాయాన్ని మేం ఇద్దరం ఆపేసి పెట్టుకున్నాం.

కొనేవాళ్లు ఒకే కంపెనీ, ఒకే తరం జత తీసుకోండి. వేర్వేరు కంపెనీల మెష్‌లు సాధారణంగా కలవవు, బ్లూటూత్ మీద కలుపుకోవాలి, అప్పుడు మెష్‌కి పెట్టిన డబ్బు వృథా. ఒకరి యూనిట్ పోతే ఒక్కటే విడిగా దొరుకుతుందా, స్పీకరూ మైకూ విడిగా అమ్ముతారా అన్నది కూడా కొనేటప్పుడే అడగండి. హెల్మెట్‌కి ఐదారేళ్లకి ఆయుష్షు తీరుతుంది, అప్పుడు ఇదంతా ఊడదీసి కొత్తదానికి బిగించాలి. అంటించిన స్పాంజి రెండోసారి అంటుకోదు, డబ్బాలో అదనంగా ఇచ్చిన ముక్కలు పారేయకండి.