మాస్కు నా చేతిలోనే ఉండాలన్న సిస్టర్

బెంగళూరులో మారతహళ్లి వైపున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి అత్యవసర విభాగం గురించి రాస్తున్నాను. పేరు రాయను. అక్కడ నాకు మేలు చేసినవారూ ఉన్నారు, కోపం తెప్పించినవారూ ఉన్నారు.

పోయిన నెల వాన పడుతుండగా మా అబ్బాయి ఉండే అపార్ట్‌మెంటు మెట్ల మీద జారి పడ్డాను. ఎడమ భుజం కీలు తప్పింది. ఆసుపత్రికి చేరేదాకా ఆటో ప్రతి గుంతలో పడినప్పుడూ అరిచాను. ఎక్స్‌రే చూసి డాక్టరు, "ఎముక విరగలేదు, కీలును మళ్లీ కూర్చోబెడతాం, నొప్పి తెలియకుండా ఎంటొనాక్స్ పీల్చుకోండి" అన్నారు.

హిందూపురంలో 31 ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని. ఎంటొనాక్స్ అంటే సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. నైట్రస్ ఆక్సైడ్‌ను నవ్వించే వాయువని పిల్లలకు చెప్పేదాన్ని. అది ఒంటి నొప్పిని తగ్గిస్తుందని హంఫ్రీ డేవీ 1800లోనే రాశాడు. రెండు వాయువులనూ ఒకే సిలిండరులో కలిపి కాన్పు నొప్పులకు ఇవ్వవచ్చని బ్రిటన్ వైద్యుడు మైకేల్ టన్‌స్టాల్ 1961లో చూపించాడు. ఇంత తెలిసినా, దాన్ని నేనే పీల్చుకోవాల్సి వచ్చేసరికి భయం వేసింది.

ఆ భయం పోగొట్టింది కోలారు నుంచి వచ్చిన సిస్టర్. తెలుగులోనే మాట్లాడింది. సిలిండరు దగ్గరికి తెచ్చే ముందే వరుసగా అడిగింది: తలకు దెబ్బ తగిలిందా, ఛాతీలో నొప్పి ఉందా, కడుపు ఉబ్బిందా, ఈ మధ్య కంటికి ఆపరేషన్ జరిగిందా అని. ఎందుకు అడుగుతోందో నాకు అర్థమైంది. నైట్రస్ ఆక్సైడ్ రక్తంలో నైట్రోజన్ కంటే సుమారు 30 రెట్లు ఎక్కువగా కరుగుతుంది. ఊపిరితిత్తి చుట్టూనో, మూసుకుపోయిన పేగులోనో గాలి చిక్కుకుని ఉంటే అందులోకి త్వరగా చేరి దాన్ని ఇంకా ఉబ్బిస్తుంది. బీ12 మాత్రలు వేసుకుంటున్నానని చెప్పగానే వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చింది. ఈ వాయువు ఆ విటమిన్‌ను పనిచేయకుండా చేస్తుంది. కాళ్లలో తిమ్మిరి లేదని తెలుసుకున్నాక, ఈ ఒక్కసారికి కొద్దిసేపు ఫరవాలేదన్నారాయన.

తర్వాత మాస్కు నా కుడిచేతికి ఇచ్చింది. "అమ్మా, గట్టిగా ఆనించుకుని నెమ్మదిగా లోపలికి పీల్చండి. మీరు పీల్చినప్పుడే గాలి వస్తుంది. మీ చేయి తప్ప ఇంకెవరి చేయీ దీని మీద పడకూడదు" అంది. అంతలో వార్డుబాయ్ తొందరపడి, "అమ్మ ముఖానికి అదిమి పట్టుకో సార్, త్వరగా అయిపోతుంది" అన్నాడు మా అబ్బాయితో. వాడు ప్రేమకొద్దీ చేయి చాపాడు. సిస్టర్ వాడి మణికట్టు పట్టుకుని ఆపేసింది. ఎక్కువ పీల్చి మత్తు కమ్మితే నా చేయి దానంతట అదే వాలిపోతుంది, మాస్కు జారిపోతుంది, మామూలు గాలి అందుతుంది. ఇంకొకరు అదిమి పట్టుకుంటే నేను మత్తులోకి జారినా ఆ వాయువు లోపలికి పోతూనే ఉంటుంది. నా ప్రాణానికి కాపలా నా చేయే. ఇంత పెద్ద విషయం వార్డుబాయ్‌కి ఎవరూ నేర్పలేదంటే ఆ తప్పు అతనిది కాదు, ఆసుపత్రిది.

అర నిమిషం పీల్చేసరికి వేళ్ల చివర్లు జివ్వుమన్నాయి, నోరు ఎండింది. నొప్పి ఉన్నచోటే ఉంది కానీ నన్ను పట్టించుకోవడం మానేసింది. ఇంకాస్త పీల్చనిచ్చి, అప్పుడు డాక్టరు చేయి పట్టి మెల్లగా లాగారు. టక్కుమని కీలు కూర్చుంది. మాస్కు తీసిన కొద్ది నిమిషాలకు తల తేటపడింది. అయినా అరగంట దాకా సిస్టర్ మంచం దిగనివ్వలేదు. డాక్టరు నాడి, భుజం మీద స్పర్శ మళ్లీ చూశాకే స్లింగు కట్టారు.

రెండు లోపాలు చెప్పి తీరాలి. ఆ గదికి కిటికీ లేదు, తలుపు మూసే ఉంది. నేను వదిలిన వాయువంతా అక్కడే నిలుస్తుంది. నేను ఒక్కరోజు వెళ్లిన మనిషిని. ఆ సిస్టర్ ఏడాది పొడవునా అదే గాలి పీలుస్తుంది. దాన్ని బయటికి లాగేసే ఏర్పాటు ఉండాలి. రెండోది, సిలిండరు పక్కన అంటించిన సూచనలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. మాస్కు ముట్టుకోబోయిన మా అబ్బాయి లాంటివాళ్లకోసమైనా కన్నడంలో, తెలుగులో ఒక కాగితం ఉండాలి. తెలుగుది నేనే రాసి, డిశ్చార్జ్ అయిన మూడో రోజు కుడిచేత్తో తీసుకెళ్లి రిసెప్షన్‌లో ఇచ్చి వచ్చాను. దాని మొదటి వాక్యం: "మాస్కు రోగి చేతిలోనే ఉండాలి."

వచ్చే వారం స్లింగు తీయించుకోవడానికి వెళ్లినప్పుడు అది గోడ మీద ఉందో లేదో చూస్తాను.