‘మల్టీ లెవెల్ కార్డ్ కౌంటింగ్’ కోర్సుకు ఫీజు కట్టే ముందు ఆ పట్టికను ఒకసారి కూడి చూడండి

అమీర్‌పేటలో ఒక శిక్షణ సంస్థ ‘ప్రాబబిలిటీ వర్క్‌షాప్’ పేరుతో బ్లాక్‌జాక్ (21కి మించకుండా డీలర్ కంటే ఎక్కువ మొత్తం తెచ్చుకోవలసిన పేకాట) కార్డ్ కౌంటింగ్ నేర్పుతోంది. కార్డ్ కౌంటింగ్ అంటే పడిన ముక్కలకు ప్లస్, మైనస్ పాయింట్లు వేసి మనసులో కూడుకుంటూ, ఆ లెక్కను బట్టి పందెం పెంచడం, తగ్గించడం. ముక్కకు ఒక్క పాయింటే లెక్కించే హై-లో పద్ధతి పాతబడిపోయిందనీ, తాము నేర్పే రెండో స్థాయి (ముక్కకు రెండు పాయింట్ల వరకు లెక్కించే) పద్ధతితో గోవా కేసినోలకు వెళ్తే ఫీజు మొదటి రాత్రే తిరిగి వస్తుందనీ డెమో క్లాసులో చెబుతారు. 18,000 రూపాయలు కట్టి ఆ కోర్సు తీసుకున్నాను. అక్కడ చేరాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు రాస్తున్నాను.

మొదటిది, వారిచ్చే లామినేషన్ చేసిన పట్టికే తప్పు. అందులో 2, 3, 7 ముక్కలకు +1, 4, 5, 6 ముక్కలకు +2, 8కి సున్నా, 9కి −1, పది విలువ ఉన్న ముక్కలన్నిటికీ −2, ఆసుకు −1 అని ఉంది. కింద పెద్ద అక్షరాలతో ‘బ్యాలెన్స్‌డ్ సిస్టమ్’ అని అచ్చు వేశారు. బ్యాలెన్స్‌డ్ అంటే 52 ముక్కల విలువలనూ కూడితే సున్నా రావాలి. కూడి చూడండి: ప్లస్ వైపు 36 వస్తుంది, మైనస్ వైపు 40 వస్తుంది. బ్రైస్ కార్ల్‌సన్ రూపొందించిన ఒమేగా టూ అనే రెండో స్థాయి పద్ధతిలో 9కి −1, ఆసుకు సున్నా ఉంటాయి. ఆర్నల్డ్ స్నైడర్ రూపొందించిన అలాంటి మరో పద్ధతి జెన్ కౌంట్‌లో 9కి సున్నా, ఆసుకు −1 ఉంటాయి. ఈ రెండూ విడివిడిగా సరిగ్గా సున్నాకు తేలతాయి. ఈ సంస్థవారు రెండింటినీ కలిపేసి ఒకే పట్టికగా అమ్ముతున్నారు.

ఇది చిన్న అచ్చుతప్పే కదా అనుకోవడానికి వీల్లేదు. ఒక్కో డెక్‌కు నాలుగేసి చొప్పున లెక్క కిందికి జారిపోతుంది కనుక, ఆరు డెక్‌ల షూలో (ముక్కలు పంచే పెట్టెలో) సగం ముక్కలు పడేసరికి, నిజానికి ఎటూ మొగ్గు లేని స్థితిలో కూడా మీ లెక్క −12 చూపిస్తుంది. దాన్ని మిగిలిన మూడు డెక్‌లతో భాగిస్తే ట్రూ కౌంట్ (మిగిలిన ఒక్కో డెక్‌కు వచ్చే లెక్క) −4 వస్తుంది. అంటే పందెం పెంచవలసిన చోట తగ్గిస్తారు, ఆగవలసిన చోట మరో ముక్క అడుగుతారు. పైగా ఆ పట్టిక వెనుక ఇచ్చిన ఇండెక్స్ సంఖ్యలు, అంటే ఏ ట్రూ కౌంట్ దగ్గర ఆట తీరు మార్చాలో చెప్పేవి, హై-లో పద్ధతివి (డీలర్‌కు ఆసు, పది కలిసి వస్తాయని వేసే పక్క పందెం ఇన్సూరెన్స్ +3 దగ్గర, డీలర్ పదికి ఎదురుగా 15తో ఆగడం +4 దగ్గర). ముక్కకు రెండేసి పాయింట్లు లెక్కించే పద్ధతికి వాటిని యథాతథంగా అంటించడం కుదరదు. ఈ కూడికను కాగితం మీద చూపించినప్పుడు శిక్షకుడు ఇచ్చిన సమాధానం: ‘‘బ్రదర్, మీరు ప్రాక్టీస్ చేయకుండా చార్ట్‌ను తప్పు పడుతున్నారు.’’

కరపత్రంలోని పోలిక కూడా సగమే చెబుతుంది. ముక్కలను ఎలా ఆడాలో నిర్ణయించడంలో హై-లో సామర్థ్యం (పూర్తి స్థాయి అంటే 1) 0.51 కాగా ఒమేగా టూది 0.67 అన్నది నిజమే. అయితే పందెం ఎప్పుడు పెంచాలో చెప్పడంలో హై-లోకు 0.97 ఉండగా ఒమేగా టూకు 0.92 మాత్రమే ఉంటుందనీ, ఆ లోటు పూడాలంటే ఆసులను విడిగా మరో లెక్కగా మనసులో ఉంచుకోవాలనీ ఎక్కడా రాయలేదు. ఆరు, ఎనిమిది డెక్‌ల ఆటలో లాభమంతా దాదాపు పందెం పెంచి తగ్గించడం నుంచే వస్తుంది. టేబుల్ దగ్గర గోలలో, డీలర్ వేగంలో, రెండో స్థాయి లెక్కను తప్పుగా పెట్టుకోవడం కంటే హై-లోను తప్పు లేకుండా పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. పద్ధతి ఏదైనా బ్లాక్‌జాక్‌కు (మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది రావడానికి) 100 రూపాయల మీద 150 బదులు 120 మాత్రమే ఇచ్చే టేబుల్ అయితే, లేదా ఆడిన ముక్కలను వెంటనే తిరిగి కలిపేసే యంత్రం ఉంటే, ఈ శ్రమకు అర్థం లేదు. ఈ రెండు విషయాలూ కోర్సులో రాలేదు.

అభ్యాసానికంటూ ఇచ్చే యాప్ సంగతి మరీ విడ్డూరం. ఒకే డెక్ అని ఎంచుకున్నాక వరుసగా రెండు ఆటల్లో ఇస్పేటు ఆసు వచ్చింది. మధ్యలో ముక్కలు కలిపినట్లు ఎక్కడా చూపలేదు. ప్రతి ఆటకూ కొత్తగా కలిపే చోట లెక్కించడానికి ఏమీ మిగలదు.

అసలు వల కోర్సు చివరలో ఉంది. ‘లైవ్ ప్రాక్టీస్’ అంటూ వాట్సాప్‌లో ఒక లింకు పంపి, అందులో డబ్బు వేసి ఆడమంటారు. యూపీఐ తెర మీద సంస్థ పేరు కాకుండా ఎవరో వ్యక్తి పేరు కనిపించడంతో నేను అక్కడే ఆపేశాను. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం దేశమంతటా అలాంటి ఆటలను నడపడాన్నీ, వాటికి ప్రచారం చేయడాన్నీ నేరంగా పేర్కొంది. మనసులో లెక్క పెట్టుకోవడం మోసం కాకపోవచ్చు గాని, ఆ లింకులో డబ్బు వేయడం పూర్తిగా వేరే విషయం.

ఫీజు వాపసు అడిగితే, మెటీరియల్ తెరిచారు కనుక ఇవ్వబోమన్నారు. రసీదు మీద ‘ప్రాబబిలిటీ వర్క్‌షాప్’ అని మాత్రమే రాస్తారు, బ్లాక్‌జాక్ మాటే ఉండదు. కాబట్టి ఇప్పటికే చేరినవారు కరపత్రాన్నీ, పట్టిక ఫోటోనూ, వాట్సాప్ సందేశాలనూ తొలగించకుండా దాచుకోవాలి. ఫీజు విషయానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. లింకులో డబ్బు వేసి పోగొట్టుకున్నవారు మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎందుకంటే సొమ్ము మరో ఖాతాకు మళ్లకముందే చెబితేనే దాన్ని నిలిపివేసే అవకాశం ఉంటుంది.