కాటుక దిగే మెట్లు

పెంపుడు జంతువులు మంచం ఎక్కి దిగడానికి అమ్మే ఈ స్పాంజి మెట్లు కొని ఎనిమిది నెలలైంది. పెట్టె మీద బొమ్మలో ఒక ముసలి కుక్క నింపాదిగా మంచం ఎక్కుతూ ఉంటుంది. మా పిల్లి కాటుకకి ఎక్కడం ఎప్పుడూ కష్టం కాలేదు, దానికి ప్రాణం మీదికి వచ్చేది దిగడంతోనే. అందుకని నేను ఈ మెట్లని పైనుంచి కిందికి చూస్తూ రాస్తున్నాను. కొనేటప్పుడు నాకు ఎవరూ ఇలా చెప్పలేదు.

కాటుక నాలుగేళ్ల నల్ల పిల్లి. నిరుడు ఏదో బండి తగిలి దాని ఎడమ ముందుకాలు చచ్చుబడిపోయింది. ఎముక విరగలేదు, భుజం దగ్గర కాలిలోకి దిగే నరాలు తెగిపోయాయి. స్పర్శ తిరిగి వస్తుందేమోనని మూడు వారాలు చూశాం. రాలేదు సరికదా, పాదం మడతపడి పైభాగం నేలకి రాసుకుంటూ పుండు పడింది. చివరికి డాక్టరుగారు రెక్క ఎముకతో సహా కాలు మొత్తం తీసేశారు. "సగమైనా ఉంచొచ్చు కదండీ" అని బతిమాలాను. "మొండి మిగిలితే అది దాన్ని ఆనించాలని చూస్తుందమ్మా. చర్మం చితికి మళ్లీ పుండవుతుంది" అన్నారు. కృత్రిమ కాలు సంగతీ అడిగాను. 2009లో జెర్సీ దీవిలో కోత యంత్రం కింద పడి రెండు వెనక పాదాలూ పోగొట్టుకున్న ఆస్కార్ అనే పిల్లికి, నోయెల్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే పశువైద్యుడు చీలమండ ఎముకల్లోకి లోహపు కడ్డీలు దింపి పాదాలు అమర్చాడని చదివాను. అక్కడ పైకాలు మిగిలి ఉంది, ఇక్కడ పట్టుకోవడానికి ఎముకే లేదు అన్నారు. పైగా ఒక్క కాలు పోయిన పిల్లికి మిగిలిన మూడూ చాలు అన్నారు.

ఆ మాట నిజమే. మూడో రోజుకి తనంతట తానే ఇసుక పెట్టె దగ్గరికి వెళ్లింది. పన్నెండో రోజున కుట్లు విప్పారు. నిలబడేటప్పుడు మిగిలిన కుడికాలిని ఒంటికి నడిమధ్యకి తెచ్చి పెట్టుకోవడం దానికి ఎవరూ నేర్పలేదు, ముక్కాలిపీటలా నిలబడుతుంది. వెనకకాళ్లలో బలం ఎక్కడికీ పోలేదు కాబట్టి మంచం మీదికి ఎప్పటిలాగే ఒక్క ఉదుటున ఎగిరేది. చిక్కంతా దూకేటప్పుడే. నాలుగు కాళ్లున్న పిల్లికి కూడా ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది, దూకినప్పుడు ఆ దెబ్బలో ఎక్కువ భాగం ముందు వాటికే తగులుతుంది. రెండు పంచుకోవాల్సిన దాన్ని ఇది ఒక్కదానితో కాయాలి. మొదటిసారి మంచం మీంచి దూకినప్పుడు నేను పక్క గదిలో ఉన్నాను. పాదం ఆనిన చప్పుడు, వెంటనే ఇంకో చిన్న చప్పుడు. ఆ రెండోది గడ్డం నేలకి కొట్టుకున్న చప్పుడని, పరిగెత్తుకెళ్లి దాని కింది పెదవి మీద నెత్తురు చూశాక తెలిసింది. ఆ సాయంత్రమే ఈ మెట్లు తెప్పించాను.

మూడు మెట్లు. ఒక్కొక్కటి 13 సెంటీమీటర్ల ఎత్తు, 38 వెడల్పు, కాలు పెట్టే లోతు 15. లోపల స్పాంజి, పైన జిప్పు తొడుగు, అడుగున రబ్బరు చుక్కలు. తేలిగ్గా ఉంటుంది, ఒక చేత్తో ఎత్తి పక్కన పెట్టొచ్చు. ఆ తేలికదనం చూసే ముచ్చటపడ్డాను, దాని వల్లే మొదటి దెబ్బ తిన్నాం. నున్నటి పలకల నేల మీద ఆ రబ్బరు చుక్కలు నాలుగు రోజులు కూడా పట్టి ఉండలేదు. కాటుక పై మెట్టు మీద కాలు మోపగానే మొత్తం అడుగు వెనక్కి జారింది. అది గోళ్లతో దుప్పటి పట్టుకుని వేలాడింది. ఆ తర్వాత తొమ్మిది రోజులు మెట్ల వంక చూడలేదు. పిల్లిని ఒకసారి భయపెట్టిన వస్తువు మీద మళ్లీ నమ్మకం పుట్టించడం ఎంత కష్టమో పెంచేవాళ్లకి తెలుసు. కాబట్టి కొన్నవాళ్లు ఎవరైనా సరే, పిల్లికి చూపించక ముందే కింద పలచటి రబ్బరు చాప పరిచి, మెట్లని మంచానికి తాడుతో బిగించి కట్టండి. మీ చేత్తో గట్టిగా తోసి చూడండి. కదిలిందంటే ఇంకా సిద్ధం కాలేదన్న మాట.

లోతు సంగతి ఎవరూ పట్టించుకోరు, అసలు కీలకం అక్కడే ఉంది. కాటుక మెట్టు దిగడం నేల మీద పడుకుని పక్కనుంచి చూశాను, చాలాసార్లు. ముందు కుడిపాదం కింది మెట్టు మీద పెడుతుంది. వేళ్లు బాగా విచ్చుకుంటాయి. ఒక్క క్షణం అలాగే ఆగుతుంది, మోచేయి సన్నగా వణుకుతుంది. అప్పుడు వెనకకాళ్లు రెండూ కలిసి గెంతి దాని వెనకే వచ్చి వాలతాయి. అంటే ఒక్క మెట్టు మీద మూడు పాదాలూ పట్టాలి. 15 సెంటీమీటర్లలో అవి పట్టవు. వెనకకాళ్లు వచ్చి తగలగానే ముందుకాలు ఇంకా కుదురుకోకుండానే కింది మెట్టుకి నెట్టుకుపోతుంది. దిగడం కాస్తా దొర్లడం అవుతుంది. నాలుగు కాళ్ల పిల్లి రెండు మెట్ల మీద ఒళ్లు పరుచుకుని గబగబా దిగిపోతుంది, దానికి ఈ లోతు చాలు. మీరు కొనేది ముందుకాలు లేని పిల్లికైతే కనీసం 25 సెంటీమీటర్ల లోతున్నవే చూడండి, దొరక్కపోతే మెట్లు మానేసి ఏటవాలు పలక తీసుకోండి. వెనకకాలు పోయిన పిల్లి సంగతి వేరు. దానికి పైకి ఎగరడమే కష్టం, ముందుకాళ్లు రెండూ ఉన్నాయి కాబట్టి దిగేటప్పుడు ఆనుకోగలదు. ఈ మెట్లు దానికి ఇంతకంటే బాగా నప్పుతాయనే అనుకుంటున్నాను.

స్పాంజి మరీ మెత్తన. బొటనవేలితో నొక్కితే గోరు మునిగేదాకా లోపలికి పోతుంది. పడుకోవడానికి మెత్తన బాగుంటుంది గానీ ఒంటికాలి మీద నిలవడానికి కాదు. మోపిన పాదం లోపలికి దిగిన కొద్దీ ఒళ్లు ఎడమకి, కాలు లేని వైపుకి ఒరుగుతుంది. అందుకని మెట్లని ఎడమ పక్కన గోడ ఉండేలా తిప్పి పెట్టాను. దిగేటప్పుడు భుజం గోడకి రాసుకుంటూ వస్తుంది, పడిపోదు. జిప్పు విప్పి మెట్టు మెట్టుకీ తొడుగు కింద ఒక గట్టి అట్ట కోసి పెట్టాను. ఇంత చిన్న పని వాళ్లే చేసి అమ్మితే ఎంత బాగుండేది.

ఇక తొడుగు. దీని గురించి మాత్రం నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. అది టర్కీ టవల్ లాంటి గుడ్డ, పైనంతా చిన్న చిన్న దారపు ఉంగరాలు. ఒక రాత్రి మెలకువ వచ్చి లైటు వేశాను. కాటుక నడి మెట్టు మీద ఉంది. కాదు, దాని ముందుపాదం ఒక్కటే నడి మెట్టు మీద ఉంది. వెనకకాళ్లు అప్పటికే కింది మెట్టు మీదకి జారిపోయాయి, ఒళ్లంతా సాగి ఉంది. ఒక గోరు దారపు ఉంగరంలో చిక్కుకుంది. రెండు ముందుకాళ్లుంటే రెండో దాన్ని ఆనించి, ఒళ్లు పైకి లేపి, చిక్కిన గోటిని వదులు చేసుకునేది. దీనికి ఆ రెండోది లేదు. అరవలేదు, కొట్టుకోలేదు. చెవులు వెనక్కి అణుచుకుని నా వంకే చూస్తోంది. ఎంతసేపటి నుంచి అలా ఉందో! అరచెయ్యి రొమ్ము కింద పెట్టి బరువంతా నా మీదకి తీసుకున్నాను. లాగితే ఇంకా బిగుస్తుంది కాబట్టి, గోరు వంపు ఎటుందో చూసి పాదాన్ని అటే ముందుకి తోస్తే ఊడొచ్చింది. గోరు మొదట్లో చిన్న నెత్తుటి చుక్క. దాన్ని ఒళ్లో పెట్టుకుని తెల్లవారేదాకా కూర్చున్నాను.

అమ్మినవాళ్లకి ఫొటోలతో సహా రాశాను. రెండో రోజే జవాబు ఇచ్చారు, మర్యాదగానే మాట్లాడారు, కొత్త తొడుగు కూడా పంపించారు. అదీ అదే గుడ్డ. నేను మందపాటి నూలు దుప్పటి ఒకటి కత్తిరించి బిగుతుగా కుట్టాను. దారాలు పైకి లేవని, దగ్గరి నేత గుడ్డ ఏదైనా సరే. నున్నటి సిల్కు రకం మాత్రం వద్దు, జారుతుంది. ఇంకో మాట, ఆ మిగిలిన పాదం గోళ్లని రెండు మూడు వారాలకోసారి చూస్తూ ఉండండి. ఒంటికాలి మీద నిలబడ్డ పిల్లి అదే కాలితో నిలువు స్తంభాన్ని గీరలేదు, గోళ్లు అరగక కొక్కేల్లా పెరుగుతాయి. నేల మీద అడ్డంగా పరిచే గీకుడు అట్ట తెచ్చాక, పొట్ట మీద పడుకుని గీరడం మొదలుపెట్టింది.

నేర్పడం గురించి రాయకపోతే ఇదంతా సగమే. అందరూ కింది మెట్టు నుంచి పైకి తినుబండారం చూపిస్తూ తీసుకెళ్తారు. నేనూ అదే చేసి వారం పోగొట్టుకున్నాను. పైకి వెళ్లాక దిగలేక పక్కనుంచి దూకేసేది. మా చెల్లి చూసి, "అక్కా, చిట్టచివరి మెట్టు నుంచి మొదలుపెట్టు, దిగడం ఒక్కటే నేర్పు" అంది. కింది మెట్టు మీద కూర్చోబెట్టి, నేల మీద గిన్నె పెట్టాం. ఒక్క మెట్టు దిగితే చాలు. రెండు రోజులు అదే. తర్వాత నడి మెట్టు, ఆ తర్వాత పై మెట్టు. ఆరో రోజున మంచం మీంచి మూడూ దిగి వచ్చింది, ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి. చెల్లి చప్పట్లు కొట్టబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను, ఎక్కడ బెదురుతుందోనని.

ఇంకా తీరని లోటు ఒకటుంది. మూడు మెట్లు కలిపి 39 సెంటీమీటర్లు, మా మంచం 50. పై మెట్టుకీ పరుపుకీ మధ్య మిగిలిన 11 సెంటీమీటర్లే అన్నిటికంటే కష్టమైన అడుగు. అక్కడ చాలాసేపు తటపటాయిస్తుంది. కొనే ముందు పరుపుతో సహా ఎత్తు కొలుచుకోండి, మంచం చెక్క దాకా కొలిచి నేను చేసిన పొరపాటు చెయ్యకండి. పరుపు కాస్త కిందికి కుంగిన వైపున మెట్లు పెట్టి ప్రస్తుతానికి నెట్టుకొస్తున్నాను.

ఎనిమిది నెలల్లో నడి మెట్టు స్పాంజి ఒక పక్క కుంగింది, సరిగ్గా కుడిపాదం పడే చోట. చెయ్యి పెట్టి చూస్తే చిన్న గుంట తెలుస్తుంది. కాటుక బరువు 3.6 కిలోలే, నాలుగు దాటనివ్వొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు, ఆ ఒక్క కాలి కీళ్లు ఎన్నాళ్లు మన్నాలో దాని మీదే ఉందట. అంత తక్కువ బరువుకే స్పాంజి కుంగితే ఆరు కిలోల పిల్లికి ఏడాది కూడా రావు. ఐదుకి రెండున్నర ఇస్తాను, అందులో ఒకటి ఆ అమ్మినవాళ్ల మర్యాదకి.

వచ్చే నెల వడ్రంగి చేత చెక్కతో 28 సెంటీమీటర్ల లోతున నాలుగు మెట్లు చేయిస్తున్నాను. ఇవి తీసెయ్యను. మధ్యాహ్నాలు కింది మెట్టు మీదే, గోడకి ఎడమ భుజం ఆనించి పడుకుంటోంది.