థింక్‌ప్యాడ్ టీ440పీలో 16 జీబీ ర్యామ్: ఐదేళ్ల వాడకం తర్వాత

లెనోవో ల్యాప్‌టాప్ థింక్‌ప్యాడ్ టీ440పీకి పట్టే ర్యామ్ రకం డీడీఆర్3ఎల్. చివరనున్న ఆ ‘ఎల్’ దగ్గరే ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. 2013లో వచ్చిన ఈ మోడల్ విజయవాడ, గుంటూరు సెకండ్‌హ్యాండ్ షాపుల్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది, చాలావరకు 4 జీబీతో. దానికి క్రూషియల్ కంపెనీ 8 జీబీ ర్యామ్ స్టిక్‌లు రెండు వేసి ఐదేళ్లు రోజూ వాడాక చెబుతున్నాను: ర్యామ్ వల్ల ఒక్క బ్లూ స్క్రీన్ రాలేదు. అదే మెషీన్‌లో తప్పు స్టిక్ పెడితే మాత్రం స్క్రీన్ మీద లోగో కూడా రాదు.

కారణం వోల్టేజీ. మామూలు డీడీఆర్3 నడిచేది 1.5 వోల్ట్ల మీద, డీడీఆర్3ఎల్ నడిచేది 1.35 మీద. టీ440పీలో ఉండే నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్లు, ఉదాహరణకు ఐ5-4300ఎమ్, డీడీఆర్3ఎల్‌ను మాత్రమే తీసుకుంటాయి. చిక్కేమిటంటే రెండు రకాల స్టిక్‌లకీ 204 పిన్నులే, మధ్యలో గాడి కూడా ఒకే చోట ఉంటుంది. డీడీఆర్4 అయితే గాడి కుదరక స్లాట్‌లోకి దిగనే దిగదు, తప్పు అక్కడే తెలిసిపోతుంది. 1.5 వోల్ట్ల డీడీఆర్3 మాత్రం హాయిగా దిగి, క్లిప్పులు పడి, పవర్ నొక్కాక మొరాయిస్తుంది. దీనికి వ్యతిరేకంగా చేస్తే ఇబ్బంది లేదు: డీడీఆర్3ఎల్ స్టిక్ 1.5 వోల్ట్ల పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. అందుకే ఏ డీడీఆర్3 మెషీన్‌కైనా సరే, కొనేటప్పుడు ‘ఎల్’ ఉన్నదే అడగడం మంచిది.

షాపులో కవర్ మీద రాసింది కాదు, స్టిక్ మీద స్టిక్కర్ చదవాలి. ‘పీసీ3ఎల్-12800ఎస్’ అని ఉంటే సరైనది. పీసీ3 పక్కన ఎల్ అంటే 1.35 వోల్ట్లు. 12800 అంటే 1600 వేగం. చివరి ఎస్ అంటే ల్యాప్‌టాప్ సైజు. ‘పీసీ3-12800ఎస్’ అని మాత్రమే ఉంటే పక్కన పెట్టేయండి. స్టిక్కర్ సగం చిరిగినా పార్ట్ నంబర్ మిగిలితే చాలు. కింగ్‌స్టన్‌లో కేవీఆర్16ఎల్ఎస్11/8 మనకు కావాల్సింది, కేవీఆర్16ఎస్11/8 కాదు. తేడా మధ్యలో ఉన్న ఒక్క అక్షరమే. సామ్‌సంగ్‌లో నంబర్ చివర వైకే0 ఉంటే 1.35, సీకే0 ఉంటే 1.5. ఈ సమీక్షలోని క్రూషియల్ స్టిక్ నంబర్ సీటీ102464బీఎఫ్160బీ.

ఎంత పడుతుందన్న దగ్గర కూడా పొరపాట్లు జరుగుతాయి. ఇంటెల్ సైట్‌లో ఈ ప్రాసెసర్‌కి గరిష్ఠం 32 జీబీ అని కనిపిస్తుంది. కానీ ల్యాప్‌టాప్‌లో స్లాట్లు రెండే, ఈ తరం ఒక్కో స్టిక్‌కి 8 జీబీ దాటి గుర్తించదు. కాబట్టి 16 జీబీయే హద్దు. 16 జీబీ డీడీఆర్3ఎల్ స్టిక్ ఎవరైనా చవగ్గా చూపించినా దీనికి పనికిరాదు. ఉన్న 4 జీబీ పక్కన 8 పెట్టి 12 చేసుకోవచ్చా అంటే, చేసుకోవచ్చు. అందులో 8 జీబీ వరకు రెండు చానెళ్ల (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారుల) మీద, మిగతా 4 ఒకే చానెల్ మీద నడుస్తుంది. ఒకటి 1333, ఇంకొకటి 1600 అయితే రెండూ 1333కి దిగుతాయి. ఈ మెషీన్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు సమాన స్టిక్‌లు వేస్తే ఫొటోషాప్‌లోనూ వీడియోలోనూ తేడా తెలుస్తుంది.

విజయవాడ గవర్నర్‌పేట వైపు షాపుల్లో ఇప్పుడు దొరికేవి ఎక్కువగా పాత మెషీన్ల నుంచి తీసినవే. వాటిని కొనడంలో తప్పు లేదు. “అన్నా, పీసీ3ఎల్ కావాలి, పీసీ3 వద్దు” అని ముందే చెప్పండి. “ఏదైనా పడుతుంది సార్” అంటే ల్యాప్‌టాప్ అక్కడే తెరిపించి, స్టిక్ వేయించి, ఆన్ చేసి చూశాకే డబ్బివ్వండి. కనీసం పది రోజుల వరకు మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి.

బిగించడం పదినిమిషాల పని. పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకి, వెనక బ్యాటరీ తీసి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టాలి. అడుగు మూతకి రెండే స్క్రూలు. వదులు చేసి మూత జరిపితే స్లాట్లు రెండూ కనిపిస్తాయి. స్టిక్ పట్టుకునే ముందు, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయేలా ఏదైనా లోహపు వస్తువు ముట్టుకోండి. స్టిక్‌ను ఏటవాలుగా గాడి కుదిరేలా లోపలికంటా తోసి, బంగారు రంగు అంచు దాదాపు కనిపించకుండా పోయాకే కిందకి నొక్కాలి. సగం దిగిన స్టిక్‌ను నొక్కినా క్లిప్పు పడుతుంది, మెషీన్ మాత్రం లేవదు. “ర్యామ్ పోయింది” అన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి ఇదే అసలు కారణం. పాత స్టిక్‌ల పిన్నులు మసకబారి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అని అడిగితే ఇచ్చే ద్రవంతో శుభ్రం చేయండి. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడకూడదు.

ఆన్ అయినంత మాత్రాన అయిపోలేదు. ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్ మెమ్‌టెస్ట్86+ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్ మార్చాల్సిందే. ఏది చెడ్డదో తెలియాలంటే ఒక్కొక్కటిగా అదే స్లాట్‌లో పెట్టి చూడాలి. వీలైతే మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద ఇంకోసారి నడపండి. చల్లగా ఉన్నప్పుడు దాటిపోయిన బలహీనమైన స్టిక్ మన ఎండల్లో బయటపడుతుంది. విండోస్‌లో 16కి బదులు మూడు చిల్లర జీబీయే వాడకానికి ఉందని చూపిస్తే ర్యామ్‌ని అనుమానించకండి, లోపలున్నది 4 జీబీ దాటి వాడుకోలేని 32 బిట్ విండోస్.

ఐదేళ్లలో కనిపించిన లాభం: ఇరవై బ్రౌజర్ ట్యాబులు, ట్యాలీ, పేజ్‌మేకింగ్ సాఫ్ట్‌వేర్ ఒకేసారి తెరిచినా ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడంలో ఆగడం లేదు. కానీ ఆన్ అయ్యే సమయాన్ని ర్యామ్ తగ్గించలేదు. అది హార్డ్‌డిస్క్ బదులు వేసే వేగమైన ఎస్‌ఎస్‌డీ పని. ఒకదానికే డబ్బుంటే హార్డ్‌డిస్క్‌తో 16 జీబీ కన్నా ఎస్‌ఎస్‌డీతో 8 జీబీ ఎంతో మేలు. ర్యామ్ పెరిగితే, మెషీన్‌ను హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీద దాచే హైబర్నేట్ ఫైల్ కూడా పెరుగుతుంది. 16 జీబీకి అది ఆరు జీబీ పైనే, చిన్న ఎస్‌ఎస్‌డీ అయితే లెక్కలోకి తీసుకోవాలి. ఇంకొకటి, విండోస్ 11 మద్దతు జాబితాలో ఈ ప్రాసెసర్ లేదు, విండోస్ 10 మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. లినక్స్‌కి మారడానికి సిద్ధపడేవారికి ఈ ఖర్చు బాగా గిట్టుబాటు అవుతుంది.

థింక్‌ప్యాడ్‌లలోనే ఎక్స్240 ఉన్నవారికి స్లాట్ ఒక్కటే, 8 జీబీతో సరిపెట్టుకోవాలి. అందులో లోపల ఇంకో బ్యాటరీ ఉంటుంది కాబట్టి మూత తెరిచే ముందు బయాస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) కాన్ఫిగ్, పవర్‌లోకి వెళ్లి బిల్టిన్ బ్యాటరీని డిసేబుల్ చేయాలి. టీ430లో రెండు స్లాట్లున్నా ఒకటి కీబోర్డు కింద దాగి ఉంటుంది.

తీసేసిన 4 జీబీ స్టిక్‌ను అమ్మకండి, కాగితంలో చుట్టి దాచండి. ఎప్పుడైనా మెషీన్ నల్ల స్క్రీన్‌తో నిలబడితే తప్పు ర్యామ్‌దా బోర్డుదా అని ఇంట్లోనే తేల్చేది అదే.